ఊరికే చూసిపోదామని

బూజుకి పేరు లేదని తేలిన రోజున కంటి ఆసుపత్రి ల్యాబులో అందరికీ టీలు తెప్పించారు. తెప్పించింది బూజు మేడమ్. ఆ పేరు ఆమెకి ఎవరు తగిలించారో గానీ, వాచ్‌మన్ మొదలు పై అంతస్తు డాక్టర్ల దాకా అందరి నోటా అదే. ఆమె కూడా ఏమీ అనుకోదు. ఫోనెత్తి "బూజు మేడమ్‌నే, చెప్పండి" అంటుంది. కంట్లో పుండుతో వచ్చినవాళ్ళ దగ్గర పైన డాక్టర్లు గోకి పంపే పిసరంత పదార్థాన్ని పెంచి, అందులో ఉన్నది ఏ బూజో తేల్చి చెప్పడం ఆమె పని.

చూడ్డానికి పెద్ద పనేం కాదు. గుండ్రటి ప్లేటులో పేరబెట్టిన తిండి మీద ఆ పిసరుతో నెలవంకల్లాంటి గీతలు గీస్తారు. బూజు గీత మీద మొలిస్తే కంట్లోంచి వచ్చినట్టు, గీత పక్కన మొలిస్తే గాల్లోంచి రాలినట్టు. పక్కన మొలిచినదాన్ని ఆ ల్యాబులో ఎవరూ పట్టించుకోరు. ఈసారి మాత్రం నెలవంక ఎటు వంపు తిరిగితే అటు, గీత దాటకుండా మొలిచింది. మొదట తెల్లగా ఉండి, తర్వాత ఇటుక రంగుకి తిరిగింది. ప్లేటు తిప్పి చూస్తే అడుగున ఇంకా ముదురు.

రంగు చూసి బూజు పేరు చెప్పేయలేరు. దాని బీజాల ఆకారం చూడాలి. ఇదేమో బీజాలు వేయనని మొండికేసింది. మేడమ్ దాన్ని వెలుతురులో పెట్టింది, చీకట్లో పెట్టింది, తిండి తగ్గించి మాడ్చింది, కర్రపొట్టు వేసి బుజ్జగించింది. ఉలకలేదు, పలకలేదు. ఈలోగా పైవాళ్ళకి చెప్పాల్సినవి ఎప్పటికప్పుడు చెబుతూనే వచ్చింది. బూజే గానీ ఫలానా అని చెప్పలేను. మామూలుగా వేసే చుక్కలకి లొంగడం లేదు. రెండో రకానికి లొంగుతోంది. ఆ విషయంలో ఆమెని తప్పుపట్టడానికి లేదు. చివరికి దాని జన్యువుల్ని చదివి చెప్పమని బయటి ల్యాబుకి పంపితే, ఆ రోజు జవాబొచ్చింది. ఇంతవరకు లోకంలో ఎవరి లెక్కలోకీ రాని బూజు. దగ్గరి చుట్టం అనదగ్గది ఒకటుంది. అది నానిన చెక్కల మీద బతుకుతుంది. మనిషి కంటి జోలికి వచ్చిన దాఖలా లేదు.

"అంటే పేరు మనమే పెట్టాలి" అన్నాడు రేడియో. అతను అక్కడి టెక్నీషియన్. నోరు కట్టేయడం ఎవరివల్లా కాలేదు కాబట్టి రేడియో అయ్యాడు. "మేడమ్ పేరే పెట్టేద్దాం. ఇద్దరూ మొండివాళ్ళే కదా."

అందరూ నవ్వారు, మేడమ్‌తో సహా. నిజం చెప్పొద్దూ, ఆమెకి కాళ్ళు నేల మీద నిలవడం లేదు. ఇన్నేళ్ళూ ఎవరెవరో పెట్టిపోయిన పేర్లు ముందేసుకుని, ఇది ఫలానా, అది ఫలానా అని సరిపోల్చడంతోనే సరిపోయింది. ఇప్పుడు ఎక్కడో ఎవరో ఒకరు ప్లేటు ముందు కూర్చుని, తను పెట్టిన పేరుతో సరిపోల్చుకుంటారు. ఆ మాట తలుచుకుంటేనే ఒళ్ళు ఝల్లుమంటోంది.

ల్యాబుకి పైఅధికారి అయిన పెద్ద డాక్టరు కూడా కిందికి దిగొచ్చి ప్లేటు చేతిలోకి తీసుకుని చూశాడు.

"ఒక్కటే లోటు" అన్నాడు. "ఇది ఆ రోగి కంట్లోకి ఎక్కణ్ణుంచి వచ్చింది? ఆవిడ ఉండే చోట దుమ్మూ, నీళ్ళూ, చెక్కాచెదారం అన్నీ కాస్త కాస్త పట్టుకురండి. అక్కడ కూడా ఇదే దొరికితే దీని మీద మనం రాసే వ్యాసాన్ని ఎవరూ కాదనలేరు."

రోగి ఇల్లెక్కడో కనుక్కుందామని మేడమ్ పై అంతస్తుకి ఫోన్ చేసింది.

"ఆ పరుపులు కుట్టే ఆవిడేనా?" అంది నర్సు. "కన్ను తీసేశారు కదా మేడమ్, పోయిన వారం. చుక్కలు మార్చేసరికే పుండు ముదిరిపోయింది. మీకు తెలీదా?"

తెలీదు. ఎవరూ చెప్పలేదు, తను అడగనూ లేదు. ప్లేటు ఎలా ఉందో పూటపూటకీ చూసుకుంది గానీ, మనిషి ఎలా ఉందని ఒక్క పూట కూడా అనుకోలేదు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో టీ గ్లాసు. ఆ గ్లాసు ఎక్కడ పెట్టాలో తోచక అలాగే నిలబడింది. వెనక రేడియో ఇంకా పేర్లు చెబుతూనే ఉన్నాడు.

*

మర్నాడు సంచి సర్దుకుని బయల్దేరింది. సంచిలో మూత బిగించిన సీసాలు, కాగితంలో చుట్టిన దూదిపుల్లలు, ఒక చిన్న చాకు, చేతి తొడుగులు. ఇల్లు ఇరుకు వీధిలో, సైకిళ్ళు బాగుచేసే కొట్టు దాటాక వచ్చింది. ముందు రేకుల షెడ్డు, వెనక ఒకే గది. షెడ్డులో పాత పరుపులు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. జనం వాడి వాడి అణగ్గొట్టిన పరుపులు తెచ్చి పడేస్తే, వీళ్ళు విప్పి, అట్టకట్టిన దూదిని ఏకి, మళ్ళీ కూరి కుట్టి ఇస్తారు. ఏకే మిషన్ ఆపి ఉన్నా గాల్లో పింజలు తేలుతున్నాయి.

పరుపులమ్మ గుమ్మం పక్కన చాప మీద కూర్చుని ఉంది. కంటి మీద తెల్లటి కట్టు. ఆసుపత్రి నుంచి వచ్చానని మేడమ్ అనగానే గబగబా లేవబోయింది. లేస్తూ గుమ్మం పట్టుకోబోయి, దూరం అందక, గాలిని పట్టుకుని తూలింది. మేడమ్ చెయ్యందించింది.

"ఆసుపత్రి నుంచా? నా కోసమేనా?"

"అవునమ్మా. కింద ల్యాబులో చేస్తాను. మీ..."

"నన్ను చూడ్డానికి ఇంత దూరం వచ్చారా అమ్మా?"

అక్కడ మేడమ్ చెప్పాల్సిన మాట ఒకటుంది. బస్సులో కూర్చుని దాన్నే వల్లెవేసుకుంటూ వచ్చింది కూడా. మీ ఇంట్లో కొన్ని శాంపిళ్ళు తీసుకోవాలమ్మా, కాసేపటి పని. ఆ మాట గొంతు దాకా వచ్చింది. ఎదురుగా ఆ ఒంటికంటి మొహంలో సంబరం చూసి వెనక్కి జారుకుంది.

"ఆఁ, ఊరికే" అంది మేడమ్. "ఊరికే, చూసిపోదామని."

ఇక పరుపులమ్మని పట్టడం ఎవరి తరం. లోపలున్న కోడల్ని కేకేసింది, పక్క వాటాలో ఇస్త్రీ చేసుకుంటున్న ఆవిణ్ణి కేకేసింది. "కన్ను తీసి పంపేశారు, ఇక నీ మొహం ఎవరు చూస్తారు అన్నావుగా. ఇదిగో చూడు, అంత పెద్ద ఆసుపత్రి నుంచి మనిషొచ్చింది నా కోసం" అంది. ఇస్త్రీ ఆవిడ గుమ్మంలోంచి మేడమ్‌ని పైకీ కిందికీ చూసి, "మంచి మనసమ్మా మీది" అని పెట్టె కాలిపోతోందంటూ వెళ్ళిపోయింది. ఆ మాటకి మేడమ్ చెవులు వేడెక్కాయి.

ఉన్న ఒక్క కుర్చీ మీదా దూది గుట్టగా పోసి ఉంది. కోడలు ఆ గుట్టని రెండు చేతులా ఎత్తి పక్కన పడేసి, కుర్చీని గుడ్డతో దబదబా దులిపింది. దుమ్ము లేచింది. పిల్ల మొహం పక్కకి తిప్పుకుని, మణికట్టుతో కన్ను నులుముకుంది. పోలేదు కాబోలు, మూలనున్న నీలం డ్రమ్ము దగ్గరికి వెళ్ళింది. దాని మీద మూతగా పెట్టిన చెక్క పలక జరిపి, మగ్గు ముంచి, కన్ను తెరిచిపెట్టి నీళ్ళు చల్లుకుంది. మేకుకి వేలాడుతున్న తడిగుడ్డతో అద్దుకుంది. ఎర్రబడ్డ కంటితో నవ్వుతూ వచ్చి "కూర్చోండి మేడమ్" అంది.

మేడమ్ కూర్చోలేదు. ఆమె చూపు చెక్క పలక మీదుంది. ఏళ్ళ తరబడి నీళ్ళకి నాని నల్లబడ్డ పలక. అడుగు అంచున, నీళ్ళు తగిలే వైపు, ఇటుక రంగు పొర. పొద్దున లేస్తే తను చూసే రంగు. ఆమె చెయ్యి తనంతట తానే సంచి జిప్పు మీదికి పోయింది.

"డ్రమ్ము చూస్తున్నారా?" అంది పరుపులమ్మ. "మా కోడలు పొద్దున్నే లేచి కుళాయి దగ్గర్నుంచి మోసి నింపుతుంది. దుమ్ము పని కదమ్మా, గంటకోసారి కళ్ళు కడుక్కోకపోతే చేయలేం. నాకు కన్ను పోయాక ఇంకా జాగ్రత్త ఎక్కువైంది దానికి. శుభ్రం విషయంలో దీన్ని వేలెత్తి చూపేవాళ్ళు లేరు."

కోడలు సిగ్గుపడి పలక యథాప్రకారం మూసేసింది.

మేడమ్ చెయ్యి జిప్పు మీంచి జారిపోయింది. ఇప్పుడు సంచి విప్పడమెలా? చూడ్డానికొచ్చానన్న మనిషి ఇల్లంతా గోకుతుంటే వీళ్ళేమనుకుంటారు? మీ కోడలు మోసి నింపే నీళ్ళే మీ కన్ను తిన్నాయేమో అని ఏ నోటితో అనడం? అయినా రంగు చూసి చెప్పేయకూడదని అందరికీ పాఠం చెప్పేది తనే కదా. కుట్లు విప్పించుకోవడానికి ఆసుపత్రికి వస్తుందిగా, అప్పుడు నెమ్మదిగా చెబితే పోలా? మొహమాటానికి సాకులు కరువా? ఒకటి తరవాత ఒకటి దొరికాయి. మేడమ్ కుర్చీలో కూర్చుంది.

టీ వచ్చింది. పరుపులమ్మ చాప మీదే కూర్చుని కబుర్లు చెప్పింది. ఆమె ఎదురుగా ఒక గుడ్డ, గుడ్డకి వరసగా గుచ్చిన పొడుగాటి సూదులు, ప్రతి సూదిలోనూ దారం.

"ఇదిగో, ఇవన్నీ అదే ఎక్కించి పెడుతుంది. నాకు సూది ఒకచోట కనిపిస్తుంది, చెయ్యి పెడితే ఇంకోచోట ఉంటుంది. దారం ఎక్కించి ఇస్తే చాలు, కుట్టడం చెయ్యికి తెలుసు. దీని మొగుడు సరుకు బండి మీద ఊళ్ళు తిరుగుతాడు. ఇప్పుడు నా కళ్ళూ అదే, ఈ ఇంటి కళ్ళూ అదే." గుడ్డ మీద సూదులు సర్దుతూ అడిగింది. "ఆ జబ్బు పేరేంటమ్మా? అడిగితే పైన ఎవరూ చెప్పలేదు."

"దానికింకా పేరు లేదమ్మా."

"పేరు కూడా లేనిదొచ్చి నా కన్ను తినేసిందా" అని నవ్వింది పరుపులమ్మ. మేడమ్‌కి నవ్వు రాలేదు. టీ గ్లాసులోకి చూస్తూ తలూపింది.

లేచేటప్పుడు పరుపులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఇంకేమైనా అడగాలా అమ్మా? చెప్పాలా?"

అడిగింది మహాతల్లి. అంత తేటగా అడిగింది. మేడమ్ "ఏం లేదమ్మా, జాగ్రత్త" అంది. వద్దంటున్నా వినకుండా ఆమె చంకలో ఒక చిన్న దిండు పెట్టి పంపించారు.

*

"ఇంట్లో బూజు దులపడానికి తీరిక లేదు గానీ, ఊళ్ళో బూజులకి బారసాల చేస్తోంది" అనడం మేడమ్ భర్తకి అలవాటు. ఆ పూట కూడా అన్నాడు. భోంచేస్తూ మేడమ్ జరిగిందంతా చెప్పింది. అంతా అంటే అంతా కాదు. చెక్క పలక సంగతి చెప్పలేదు, కోడలు కన్ను కడుక్కోవడం చెప్పలేదు. ఆవిడ సంబరపడటం, తను సంచి విప్పలేకపోవడం చెప్పింది.

"మంచిపని చేశావు" అన్నాడు ఆయన. "పోయిన కన్ను పోయిందని ఆవిడ ఏడుస్తుంటే, నువ్వెళ్ళి దుమ్ము ఏరుకోవడం ఏం బాగుంటుంది? మీ వాళ్ళందరిలో ఒక్కదానివైనా మనిషివనిపించుకున్నావు."

ఆ మాట మేడమ్‌కి వెచ్చగా తగిలింది. నిజమే కదా అనిపించింది. వ్యాసం కోసం కక్కుర్తి పడకుండా వచ్చేసింది. ఎంతమంది అలా రాగలరు? దిండు నడుం వెనక పెట్టుకుని కూర్చుంది. హాయిగా ఉంది కూడా.

మర్నాడు పెద్ద డాక్టరు అడిగితే "ఇల్లు తాళం వేసుందండీ" అని చెప్పింది. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యమేసింది. "ఇంకోసారి వెళ్ళండి" అన్నాడాయన. అలాగే అంది. ఇంకో రెండు రోజులకి పరుపులమ్మ కుట్లు విప్పించుకోవడానికి వచ్చింది. ఆ రోజు మేడమ్ సెలవులో లేదు, మీటింగులోనూ లేదు. మెట్ల దగ్గర కోడలి చెయ్యి పట్టుకుని ఎక్కుతున్న పరుపులమ్మని దూరంనుంచి చూసింది కూడా. పని చాలా ఉందనుకుని ల్యాబులోకి వెళ్ళిపోయింది.

*

మరుసటి వారం ఒక పొద్దున రేడియో ప్లేటు పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు.

"మేడమ్, మనవాడు మళ్ళీ వచ్చాడు."

ఆమె మైక్రోస్కోపులోంచి తలెత్తింది. అతని చేతిలో ప్లేటు, ప్లేటులో నెలవంకలు, నెలవంకల మీద, గీత దాటకుండా, అప్పుడప్పుడే ఇటుక రంగుకి తిరుగుతున్న బూజు.

"మన పంట పండింది" అంటున్నాడు రేడియో. "ఒక్క రోగి అయితే అనుమానిస్తారు, ఇద్దరుంటే నోరెత్తరు. నాలుగు రోజులైంది వచ్చి. పైన మామూలు చుక్కలు వేస్తున్నారు."

"ఎవరు?"

"చిన్నపిల్లే. పరుపుల పనట. అరె, మొదటావిడది కూడా..." అని రేడియో ఆగిపోయాడు. రేడియో ఆగిపోవడం ఆ ల్యాబులో అంతకుముందు ఎవరూ చూడలేదు.

మేడమ్ వెంటనే పైకి ఫోన్ చేసి, ఆ చుక్కలు ఆపి రెండో రకం మొదలుపెట్టమని చెప్పింది. చెబుతున్నంతసేపూ గొంతు మామూలుగానే ఉంది. ఫోన్ పెట్టేశాక తెల్లకోటు విప్పి మేకుకి తగిలించబోతే రెండుసార్లు జారి కింద పడింది. అలాగే వదిలేసి మెట్లెక్కింది. మెట్ల మలుపులో ఆగింది. వెళ్ళకపోతే ఎవరికీ తెలియదు. డ్రమ్ము చూసిన సంగతి భర్తకి తెలియదు, పెద్ద డాక్టరుకి తెలియదు, ఆ అత్తాకోడళ్ళకి అసలే తెలియదు. ఆ ఆలోచన తనకి వచ్చినందుకు ఆమెకి తన మీద తనకే అసహ్యమేసింది. మిగతా మెట్లు గబగబా ఎక్కేసింది.

వార్డులో కోడలు కిటికీ వైపున్న మంచం మీద పడుకుని ఉంది. కన్ను వాచి మూసుకుపోయింది. ఆ రోజు నులుముకున్న కన్నే. పక్కన స్టూలు మీద పరుపులమ్మ.

"మీరా అమ్మా" అంది పరుపులమ్మ లేవబోతూ. "చూశారా మా రాత. మళ్ళీ చూడ్డానికొచ్చారా?"

"కూర్చోండమ్మా. చూడ్డానికి కాదు" అంది మేడమ్. మంచం చివర ఇనుప కమ్మీ గట్టిగా పట్టుకుంది. "మీ డ్రమ్ము మీద చెక్క మూత ఉంది కదా. దాని అడుగున ఎర్రగా పొర పట్టి ఉంది. మీ కంట్లోకొచ్చింది అదే అనుకుంటున్నాను. ఈ అమ్మాయి కంట్లోకి కూడా."

"ఎప్పుడు చూశారు మీరు?"

"ఆ రోజే."

మంచం మీద కోడలు మొహం ఇటు తిప్పింది.

"ఆ రోజంటే, మా ఇంటికొచ్చిన రోజా? ఇది మీ కుర్చీ దులిపి, కంట్లో దుమ్ము పడి..."

"ఆ నీళ్ళతో కడుక్కోవడం కూడా చూశాను."

"మరి చెప్పలేదేం?"

ఈ ప్రశ్నకి మేడమ్ దగ్గర ఉన్నది ఒకే ఒక్క జవాబు. అది ఎంత తేలికదో నోట్లోంచి బయటపడేటప్పుడు తెలిసింది.

"మొహమాటమేసింది."

"మొహమాటమా" అంది పరుపులమ్మ, ఆ మాట ఎప్పుడూ విననట్టు.

"అసలు నేను మిమ్మల్ని చూడ్డానికి రాలేదమ్మా. మీ ఇంట్లో దుమ్మూ నీళ్ళూ పట్టుకెళ్ళడానికి వచ్చాను. సంచిలో సీసాలు తెచ్చుకున్నాను. మీరు అంత సంతోషంగా... చెప్పలేకపోయాను. డ్రమ్ము గురించి చెబితే మీ కోడల్ని తప్పుపట్టినట్టుంటుందని, మీరేమనుకుంటారో అని..."

"ఏమనుకుంటాను? మురికిదానివని తిడితే మాత్రం పడనా? కన్నే పోగొట్టుకున్నదాన్ని, మాట పడలేనా?" పరుపులమ్మ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండుననిపించింది మేడమ్‌కి. "అడిగాను కూడా. ఇంకేమైనా చెప్పాలా అని చెయ్యి పట్టుకుని అడిగాను. టీ తాగి, దిండు తీసుకుని వెళ్ళారు."

"పోనీలే అత్తయ్యా" అంది కోడలు.

"నువ్వూరుకో" అంది పరుపులమ్మ.

అవతల మంచం దగ్గరున్న పై అంతస్తు డాక్టరు ఈ మాటలు విన్నట్టున్నాడు. మేడమ్‌ని వరండాలోకి తీసుకొచ్చి, "అలా అనుకోకండి. ఆ బూజు అంతకుముందే కంట్లో పడి ఉండొచ్చు కదా. రోజూ ఆ నీళ్ళే వాడుతున్నారాయె" అన్నాడు. నిజమే, పడి ఉండొచ్చు. ఎవరూ తేల్చి చెప్పలేరు. కానీ ఆ ఉండొచ్చు అన్న మాట కింద దూరి దాక్కోవడానికి మేడమ్‌కి మనసొప్పలేదు. ఇదివరకు దాక్కున్నది చాలు.

కిందికి దిగి, పెద్ద డాక్టరు గదిలోకి వెళ్ళి, ఆ రోజు ఇల్లు తాళం వేసి లేదని చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు నులుముకున్నాడు. "సరే. అవన్నీ వ్యాసంలో రాయక్కర్లేదు కదా" అన్నాడు. ఆయన ఉద్దేశం ఆమెని ఓదార్చడమే. అది ఆమెకి చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

ఇంట్లో దిండు కుర్చీ మీద అలాగే ఉంది. దాన్ని తీసి ఎక్కడ పెట్టినా ఆమెకే కనబడింది. "ఏమైంది?" అని భర్త అడిగితే, ఈసారి చెక్క పలక కూడా చెప్పింది. ఆయన మనిషివనిపించుకున్నావు అని మళ్ళీ అనలేదు.

*

రెండో రకం చుక్కలు పడ్డాక పుండు అంచు పాకడం ఆగిందని పై నుంచి కబురొచ్చింది. కన్ను నిలుస్తుంది, మచ్చ మిగులుతుంది, చూపు ఎంతుంటుందో ఇప్పుడే చెప్పలేం అన్నారు. ఆ కబురు విన్న రోజే మేడమ్ సంచి తీసుకుని మళ్ళీ ఆ వీధికి వెళ్ళింది.

పరుపులమ్మ ఒక్కతే ఉంది. కోడలికి బట్టలు పట్టుకెళ్ళడానికి ఇంటికొచ్చిందట. మేడమ్‌ని చూసి లేవలేదు. కుర్చీ మీద దూది గుట్టగా పోసి ఉంది, దాన్ని తీసేవాళ్ళెవరూ లేరు. టీ మాటే రాలేదు.

"శాంపిళ్ళు తీసుకోవాలమ్మా" అంది మేడమ్. "డ్రమ్ము మూత, నీళ్ళు, ఆ గుడ్డ, కింద దుమ్ము. తీసుకున్నాక ఆ నీళ్ళు పారబోయాలి. మూత కాల్చేయాలి. ఇక మీదట కళ్ళు కుళాయి కింద తప్ప కడుక్కోకూడదు. దీన్నే మేం పత్రికలో కూడా రాస్తాం. మీ ఇద్దరి పేర్లూ రాయం గానీ, మీ ఇద్దరి గురించే రాస్తాం."

ఎంత సులువుగా ఉంది చెప్పడం. నాలుగు మాటలు.

"తీసుకోండి" అంది పరుపులమ్మ.

మేడమ్ తొడుగులు వేసుకుని నేల మీద మోకాళ్ళూనింది. పలక తిరగేసి, ఇటుక రంగు పొరని చాకుతో గీకి సీసాలో వేసింది. దూదిపుల్లతో డ్రమ్ము అంచు చుట్టూ తుడిచింది. నీళ్ళు ఒక సీసాలో పట్టింది. మేకు మీది గుడ్డలోంచి ఒక ముక్క కోసింది. మిషన్ కిందా, పరుపుల సందుల్లోనూ పేరుకున్న దుమ్ము తీసింది. పరుపులమ్మ మెడ తిప్పి తిప్పి, ఉన్న ఒక్క కంటితో ఆమె చేతులు ఎటు పోతే అటు చూసింది. సీసాలన్నీ సంచిలో సర్దాక మేడమ్ డ్రమ్ముని వంచి నీళ్ళు పారబోసింది. అది బరువని తెలియక సగం తన చీర మీదే పోసుకుంది.

ఆ చప్పుడుకి పక్కవాటా ఇస్త్రీ ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. "ఎవరూ, ఆ రోజొచ్చిన డాక్టరమ్మ కదూ. మళ్ళీ చూడ్డానికొచ్చారా? ఎంత మంచి..."

"చూడ్డానికి కాదు" అంది పరుపులమ్మ. "పని మీదొచ్చారు."

ఇస్త్రీ ఆవిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసి వెళ్ళిపోయింది. మేడమ్ తడిచీర పిండుకుంటూ నిలబడింది. ఆ మాటలో కోపముందో లేదో ఆమెకి తెలియలేదు. ఉన్నా లేకపోయినా, ఆ ఇంట్లో తన గురించి ఎవరైనా చెప్పిన మొదటి నిజం అదే.

"వెళ్ళొస్తానమ్మా" అంది.

"ఉండండి."

పరుపులమ్మ చాప మీద తడుముకుని గుడ్డ ముందుకి జరిపింది. వరసగా గుచ్చిన సూదులు. ఒక్కదాంట్లోనూ దారం లేదు.

"ఎల్లుండికి రెండు పరుపులియ్యాలి. అదేమో అక్కడ పడుకుంది. పని మీదొచ్చారుగా, ఇవి ఎక్కించి పోండి."

కుర్చీ ఖాళీ లేదు. మేడమ్ చాప అంచున కూర్చుంది. దారపుండ తీసుకుని, కొస తుంచి, వేళ్ళతో మెలిపెట్టి, సూది వెలుతురుకి పట్టింది. పొద్దంతా సూదిమొనలో వందో వంతు లేనివాటిని చూసి గుర్తుపట్టే మనిషికి సూది బెజ్జం కనబడలేదు. కళ్ళజోడు మైక్రోస్కోపు పక్కనే మర్చిపోయి వచ్చింది. దారం పక్కకి పోయింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ పోయింది. పరుపులమ్మ తొందరపెట్టలేదు, సాయమూ చేయలేదు. ఎన్నోసారికో దారం బెజ్జంలో దూరింది. పరుపులమ్మ దాన్ని అందుకోబోయి, మొదటిసారి గాలిని పట్టుకుని, రెండోసారి సూదిని పట్టుకుంది. అంచు మడిచి కుట్టడం మొదలుపెట్టింది. చెయ్యికి నిజంగానే తెలుసు.

మేడమ్ ఇంకో సూది తీసింది. అది కూడా అంతసేపూ పట్టింది. తర్వాతది కాస్త నయం. ఎండ గుమ్మం దాటి చాప మీదికి వచ్చింది. సంచిలో సీసాలున్నాయి, వాటికోసం ల్యాబులో అందరూ ఎదురుచూస్తున్నారు.

సూదులన్నీ అయ్యాక మేడమ్ లేచి సంచి భుజానికి తగిలించుకుంది. తడిచీర సగం ఆరింది.

"రేపు కూడా రానా అమ్మా? మీ కోడలు ఇంటికొచ్చేదాకా వస్తాను" అంది.

పరుపులమ్మ కుట్టు ఆపలేదు, తలెత్తలేదు.

"వస్తే కళ్ళజోడు తెచ్చుకోండి" అంది.